గొర్రెకు ఐదు నెలలు, బర్రెకు పది

ఒక లెక్కతో మొదలుపెడదాం. సిర్గాపూర్‌లో ఒక వాడ. ఆ వాడలో కుక్క, పంది, గొర్రె, మేక, ఆవు, బర్రె, గాడిద తలా ఒకటి ఉన్నాయనుకోండి. జనవరి 14న, సంక్రాంతి నాడే అన్నీ చూడి కట్టాయి. అదే రోజు పక్కింటి గంపలో ఒక కోడిపెట్ట గుడ్ల మీద కూర్చుంది. ఎవరింట్లో పిల్లలు ముందు పుడతాయి? ఎవరింట్లో అందరికన్నా వెనక? ఇక్కడే చదవడం ఆపి మీ అంచనా ఒక కాగితం మీద రాసుకోండి.

ముందు వచ్చేది కోడిపిల్ల. 21 రోజులు చాలు, ఫిబ్రవరి 4కల్లా గంపలో కిచకిచలు వినిపిస్తాయి. కుక్కకు 63 రోజులు, అంటే మార్చి 18, ఉగాదికి కాస్త ముందో వెనకో. పందికి 114 రోజులు. మే 8 నాటికి, మీకు వేసవి సెలవులున్నప్పుడు, దాని పిల్లలు పుడతాయి. గొర్రెకూ మేకకూ ఇంచుమించు 150 రోజులు. జూన్ 13, బడి తెరిచే రోజులు. ఆవు 280 రోజులు మోసి అక్టోబరు 21న ఈనుతుంది. బర్రెకు ఇంకో నెల కావాలి, 310 రోజులు, నవంబరు 20. మరి గాడిద? దానికి దాదాపు ఏడాది పడుతుంది. మళ్లీ సంక్రాంతి ముగ్గులు వేసేవేళకు గాడిదపిల్ల పుడుతుంది.

తేదీలు కొన్ని రోజులు అటూ ఇటూ అవుతాయి. పశువులు క్యాలెండరు చూసి ఈనవు. కానీ గడువు మాత్రం పెద్దగా తప్పదు. "బర్రె ఎప్పుడీనుతది అవ్వా?" అని ఇంట్లో ముసలమ్మను అడిగి చూడండి. "పది నెల్లు నిండాలె బిడ్డా, మీద పది దినాలు" అంటుంది. నెలకు ముప్పై రోజుల చొప్పున మీరే కూడండి. పశువైద్యుల పుస్తకంలో ఉన్న అంకే వస్తుంది.

ఇక్కడ చాలామంది ఒక మాట అనేస్తారు: పెద్ద జంతువుకు ఎక్కువ రోజులు, చిన్నదానికి తక్కువ రోజులు అని. సగం నిజం. గాడిద బర్రె కన్నా చిన్నది కదా, మరి దానికెందుకు ఎక్కువ? పంది బరువు మేక కన్నా ఎక్కువే, అయినా ముందే ఈనుతుంది. ఒళ్లు ఒక్కటే చూస్తే లెక్క కుదరదు. పుట్టిన రోజు పిల్ల ఏం చేయగలదో కూడా చూడాలి.

కుక్కపిల్ల కళ్లు మూసుకుని పుడుతుంది. పది పదిహేను రోజుల దాకా కళ్లు తెరవదు, నడవలేదు, తల్లి పొట్ట కింద వెచ్చగా పడుకోవాల్సిందే. లేగదూడ అలా కాదు. నేల మీద పడిన గంటా రెండు గంటల్లో తడబడుతూ లేచి, పొదుగు వెతుక్కుంటుంది. గొర్రెపిల్ల ఇంకా తొందరగా లేస్తుంది. ఈ తేడా ఎక్కడినుంచి వచ్చింది? కుక్కల పూర్వీకులు తోడేళ్లు. అవి పిల్లల్ని బొరియలో దాచి వేటకు పోయేవి. ఆవు, గొర్రె, గాడిదల పూర్వీకులు బయట తిరిగి గడ్డి మేసేవి. వాటికి దాచుకునే బొరియ లేదు. పులో తోడేలో వస్తే మంద కదులుతుంది, నిలబడలేని పిల్ల వెనకబడుతుంది. అందుకే వాటి పిల్లలు కాళ్లు గట్టిపడేదాకా తల్లి కడుపులోనే పెరుగుతాయి. ఇప్పుడు సిర్గాపూర్‌లో పులి లేదు, కొట్టానికి తలుపుంది. అయినా దూడ తన పాత అలవాటు ప్రకారమే పుట్టిన రోజే లేచి నిలబడుతోంది.

సిర్గాపూర్ ఎక్కడుందో తెలియని పిల్లలు కూడా ఈ పుస్తకం చదువుతారు కాబట్టి చెబుతాను. సంగారెడ్డి జిల్లాలో నారాయణఖేడ్ డివిజన్‌లో ఉన్న మండల కేంద్రం అది. ఆ చుట్టుపక్కలే మంజీరలో కలిసే నల్లవాగు, దాని మీద నల్లవాగు ప్రాజెక్టు ఉన్నాయి. నారాయణఖేడ్ నుంచి ఒకవైపు పోతే కర్ణాటకలోని బీదర్ జిల్లా వస్తుంది, ఇంకోవైపు పోతే మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా. తెలుగు, కన్నడం, మరాఠీ, లంబాడీ నాలుగూ చెవిన పడే చోటు. పశువులు కూడా ఈ సరిహద్దుల్ని పట్టించుకోలేదు. మహారాష్ట్రలోని లాతూర్ జిల్లాలో దేవని అని ఒక ఊరుంది. ఆ ఊరి పేరుతో పిలిచే దేవని ఆవులు, ఎడ్లు లాతూర్, నాందేడ్, బీదర్ ప్రాంతమంతా కనిపిస్తాయి, ఇటు మన జిల్లాల్లోకీ వచ్చాయి. తెల్లటి ఒంటి మీద నల్లటి మచ్చలు, కొన్నింటికి ముఖం మాత్రమే నలుపు, వేలాడే పెద్ద చెవులు. దున్నడానికి ఎద్దు కావాలి, ఇంట్లోకి పాలు కావాలి అనుకునే రైతుకు నచ్చిన జాతి.

ఇక పిల్ల ఎలా మొదలవుతుందో చూద్దాం. ప్రతి జంతువుకూ తల్లి నుంచి ఒక కణం, తండ్రి నుంచి ఒక కణం కావాలి. తల్లిదాన్ని అండం అంటారు, తండ్రిదాన్ని శుక్రకణం అంటారు. రెండూ కలిసి ఒక్కటైతే పిల్లకు ప్రాణం మొదలవుతుంది. అందుకే దూడకు కొంత తల్లి పోలిక, కొంత తండ్రి పోలిక వస్తుంది. ఆవు, బర్రె అండాన్ని రోజూ విడుదల చేయవు. 21 రోజులకొకసారి ఎదకు వస్తాయి. గొర్రె 17 రోజులకే వస్తుంది. ఎదకొచ్చిన ఆవు ఊరికే ఉండదు. అరుస్తుంది, మేత మీద ధ్యాస పెట్టదు, పక్క ఆవుల మీదికి ఎక్కుతుంది. ఆ సమయం ఒక పూట నుంచి ముప్పావు రోజు దాకా మాత్రమే ఉంటుంది. అది దాటితే మళ్లీ మూడు వారాలు ఆగాలి.

బర్రె ఇంకా కష్టపెడుతుంది. ఎండాకాలంలో చాలా బర్రెలు ఎదకొచ్చినా బయటికి ఏమీ చూపించవు. పశువైద్యులు దీన్ని మూగ ఎద అంటారు. రాత్రి చల్లబడ్డాక, తెల్లవారుజామున ఒకటి రెండు గుర్తులు కనిపిస్తే కనిపించినట్టు. అందుకే బర్రెలున్న ఇంట్లో పెద్దవాళ్లు పడుకునే ముందు ఒకసారి, లేవగానే ఒకసారి కొట్టంలోకి తొంగిచూస్తారు.

ఊళ్లో మంచి ఆంబోతు లేకపోయినా ఇప్పుడు ఇబ్బంది లేదు. మేలుజాతి ఆంబోతుల వీర్యాన్ని సన్నటి గొట్టాల్లో నింపి, ద్రవ నత్రజనిలో దాచిపెడతారు. ఆ ద్రవం ఎంత చల్లగా ఉంటుందంటే, సున్నాకు కింద 196 డిగ్రీలు. నీళ్లు సున్నా దగ్గరే గడ్డకడతాయని మీకు తెలుసు కదా, ఇది దానికన్నా ఎంత కిందో చూడండి. ఆ చలిలో కణాలు చావవు, పనిచేయవు, అలా ఏళ్ల తరబడి ఆగిపోయి ఉంటాయి. కరీంనగర్‌లో ఇలాంటి వీర్యం తయారుచేసే కేంద్రం ఉంది. ఊళ్లలో గోపాలమిత్రలు ఒక డబ్బాలో ఆ గొట్టాలు పట్టుకుని వస్తారు, ఒకదాన్ని గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచి ఆవుకు ఎక్కిస్తారు. అలా పుట్టే దూడ తండ్రి, దూడ పుట్టకముందే చనిపోయి ఉండొచ్చు కూడా.

గొర్రెల మందలో మాత్రం పొట్టేలు ఉండాల్సిందే. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల కురుమలకు గొర్రెలు పంచినప్పుడు ఒక్కో కుటుంబానికి 20 ఆడగొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చింది. ఇరవైకి ఒక్కటే ఎందుకు? ఆడగొర్రె ఐదు నెలలు మోయాలి, తర్వాత పాలివ్వాలి. పొట్టేలుకు ఆ పని లేదు, కాబట్టి ఒక్కటి ఇరవైకి సరిపోతుంది. అయితే ఆ ఒక్కటే మందలోని పిల్లలన్నిటికీ తండ్రి. అది బలహీనమైనదైతే మంద అంతా బలహీనమవుతుంది. పొట్టేలును ఎంచుకునేటప్పుడు కురుమ పెద్దమనిషి దాని పండ్లు, కాళ్లు, నడక ఎందుకంతసేపు చూస్తాడో ఇప్పుడు అర్థమైందా?

ఈనిన రోజు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మనకు ఇష్టమైన జున్ను అక్కడే పుడుతుంది. మొదటి పాలు చిక్కగా, పసుపు రంగులో ఉంటాయి. ముర్రుపాలు అంటాం. మనిషి బిడ్డకు తల్లి కడుపులో ఉండగానే రోగాలతో పోరాడే పదార్థాలు తల్లి రక్తం నుంచి కొన్ని అందుతాయి. దూడకు అలా అందవు. ఆవు మాయ వాటిని దాటనివ్వదు. అందుకే దూడ ఏ రక్షణా లేకుండా పుడుతుంది, దానికి కావలసినదంతా ముర్రుపాలలో ఉంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. దూడ పేగు ఆ పదార్థాలను ఉన్నవి ఉన్నట్టు లోపలికి తీసుకునేది మొదటి రోజు మాత్రమే. గంట గంటకూ ఆ దారి మూసుకుపోతుంది. రేపు తాగిద్దాంలే అంటే కుదరదు. కొందరు మాయ పడేదాకా దూడకు పాలు పట్టకూడదంటారు. ఆ మాట వినకండి. దూడ కడుపునిండా తాగాక మిగిలిందే మన జున్ను.

ఇంకా లోతుగా ఆలోచిస్తే మనం పెంచే జంతువుల దగ్గర తీసుకునేదంతా ఇంతే. పాలు దూడ కోసం వచ్చినవి. గుడ్డు కోడిపిల్ల కోసం. ఉన్ని గొర్రె చలి కోసం. మందలో ముందు నడిచే దాని వెంట మిగతావి నడవడం కూడా అవి తమ ప్రాణం కాపాడుకోవడానికి నేర్చుకున్నదే. ఆ అలవాటు లేకపోతే ఒక్క మనిషి, ఒక్క కర్ర వందల గొర్రెల్ని ఎలా మళ్లించగలరు? ఇంట్లో పెంచే జంతువు అంటే, తన కోసం చేసుకునే పనిలో మనకు వాటా ఇవ్వడానికి ఒప్పుకున్న జంతువు. అన్ని జంతువులూ ఒప్పుకోలేదు. జింకలు మన పొలాల పక్కనే వేల ఏళ్లుగా మేస్తున్నాయి, ఒక్కటీ కొట్టంలోకి రాలేదు.

గొర్రె తన పిల్లను ఎలా గుర్తుపడుతుంది? వాసనతో. ఈనగానే పిల్లను నాకుతూ మొదటి గంటల్లోనే దాని వాసన తలకెక్కించుకుంటుంది. ఆ తర్వాత ఇంకో పిల్ల పాలకు వస్తే తలతో నెట్టేస్తుంది. తల్లి చనిపోయిన పిల్లను వేరే గొర్రెకు అలవాటు చేయడం కాపరులకు పెద్ద పని. గొర్రెను మనం మందబుద్ధికి గుర్తుగా వాడతాం, "గొర్రెలా తలూపుతాడు" అంటాం. అది అన్యాయం. ఇంగ్లండులో కీత్ కెండ్రిక్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివారు గొర్రెలకు వేరే గొర్రెల ముఖాల ఫొటోలు చూపించి పరీక్షించారు. 50 ముఖాల దాకా గుర్తుపట్టాయి, రెండేళ్ల తర్వాత కూడా మరిచిపోలేదు. ఈ సంగతి 2001లో 'నేచర్' పత్రికలో వచ్చింది. మీ బడిలో రెండేళ్ల కింద చదివి వెళ్లిపోయిన యాభై మంది ముఖాలు మీకు గుర్తున్నాయా?

మన దగ్గరి నల్ల గొర్రెను దక్కనీ గొర్రె అంటారు. దాని బొచ్చు ముతక. మెత్తటి స్వెట్టరుకు పనికిరాదు, గొంగడికి పనికొస్తుంది. ఏడాదికి రెండుసార్లు బొచ్చు కత్తిరించి, వడికి, నేసి, చింతగింజల గంజి పట్టించి గట్టిపరుస్తారు. వానలో కాపరి మీద గొంగడి ఉంటే గొడుగు అక్కర్లేదు, రాత్రి పొలంలో అదే పరుపు, అదే దుప్పటి. మాంసం ఎక్కువ వస్తుందని కొన్నేళ్లుగా నెల్లూరు పొట్టేళ్లతో కలపడం మొదలుపెట్టారు. నెల్లూరు గొర్రెకు ఉన్ని లేదు, అందుకే ఆ పిల్లలకూ ఉన్ని తగ్గిపోయింది. మాంసం పెరిగింది, గొంగడి నేసేవాళ్లకు నూలు కరువైంది. నన్నడిగితే మందలో కొన్నైనా నల్ల గొర్రెల్ని వేరుగా ఉంచుకోవాలి. వానకూ చలికీ రాతినేలకూ అలవాటుపడిన జాతి ఒకసారి పోతే మళ్లీ తయారుచేసుకోలేం.

మధ్యాహ్నం చెట్టు నీడన పడుకున్న ఆవును చూడండి. ఏమీ మేయకపోయినా దవడ ఆడుతూనే ఉంటుంది. గొంతు దగ్గర ఒక ముద్ద పైకి వస్తుంది, కాసేపు నమిలాక కిందికి పోతుంది, మళ్లీ ఇంకొకటి. నెమరు వేయడం అదే. దాని పొట్టలో నాలుగు గదులున్నాయి. మొదటి పెద్ద గదిలో కంటికి కనిపించని సూక్ష్మజీవులు కోట్ల కొద్దీ ఉంటాయి, జొన్న చొప్పను కరిగించేవి అవే. మనం చొప్ప తింటే అరగదు. ఆవు తిని దాన్నే పాలుగా మార్చి ఇస్తుంది. రోజులో ఏడెనిమిది గంటలు నెమరుకే పోతాయి. నెమరు వేయని పశువుకు ఒంట్లో బాగాలేదని గుర్తు. థర్మామీటరు లేని ఇంట్లో కూడా ఈ పరీక్ష చేయొచ్చు. ఇంకో చిత్రం: ఆవుకూ బర్రెకూ గొర్రెకూ మేకకూ పై దవడలో ముందు పండ్లు ఉండవు. కింద ఎనిమిది ఉంటాయి. అంగట్లో పశువు నోరు తెరిచి చూసేది వాటినే. పాలపండ్లు ఊడి రెండు పెద్ద పండ్లు వస్తే రెండు పండ్లది, తర్వాత నాలుగు, ఆరు, ఎనిమిది. పుట్టినరోజు ఎవరూ రాసిపెట్టని చోట వయసు ఇలా చదువుతారు.

బర్రెకు నీళ్లంటే ఎందుకంత ఇష్టం? ఒంటి రంగు నలుపు, ఎండను ఎక్కువ పీల్చుకుంటుంది. చెమట పట్టే గ్రంథులు ఆవు కన్నా తక్కువ. చల్లబడాలంటే కుంటలోకో బురదలోకో దిగాల్సిందే. బురద పట్టిన ఒంటి మీద ఈగలు, జోరీగలు కూడా వాలలేవు. బురదలో పొర్లే బర్రెను మురికిది అని కొట్టకండి, అది చేసే పనికి కారణముంది.

ఎడ్ల గురించి ఒక్క మాట. ట్రాక్టరు వచ్చాక కోడెదూడ పుడితే సంతోషించే ఇళ్లు తగ్గాయి. అయినా నారాయణఖేడ్ ప్రాంతంలోని తండాల నుంచి చెరకు నరకడానికి వలసపోయే కుటుంబాలు చాలాకాలం ఎడ్లబండ్లతోనే పోయేవి. నరికిన చెరకును ఫ్యాక్టరీకి చేర్చేదీ ఆ బండే. ఎద్దుకు జ్వరం వస్తే ఆ రోజు కూలి పోయినట్టే. గాలికుంటు రోగం వస్తే నోట్లో, గిట్టల మధ్య పుండ్లు పడి పశువు మేయలేదు, నడవలేదు. దానికి ఆరు నెలలకొకసారి టీకా వేస్తారు. టీకా శిబిరం మీ ఊరికి వచ్చిన రోజు పశువుల్ని తోలుకుపోవడంలో మీరూ సాయం చేయొచ్చు. పశువుకు ఆపద వస్తే 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్యశాల బండి వస్తుంది.

పెండ సంగతి మరిచిపోతే ఎలా? ఎరువు, పిడక, అలుకు, గోబర్ గ్యాసు అని మీ పాఠంలోనే ఉంటుంది, మళ్లీ చెప్పను. కానీ ఇది మీ పాఠంలో ఉండకపోవచ్చు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఉట్నూరు అనే చోట ఒక బూడిద దిబ్బ ఉంది. 1957లో రేమండ్ ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త దాన్ని తవ్వించాడు. నాలుగు వేల ఏళ్లకు ముందటి మనుషులు అక్కడ గుంజలు పాతి దొడ్డి కట్టి పశువుల్ని ఉంచారు, పేరుకున్న పెండను కాల్చారు. ఆ పొరల్లో గుంజలు పాతిన గుంతలతో పాటు పశువుల గిట్టల అచ్చులు కూడా దొరికాయి. చక్రవర్తుల కోటలకన్నా పాతది ఆ పెండ దిబ్బ. తెలంగాణలో పశువుల చరిత్ర రాయాలంటే అక్కడినుంచి మొదలుపెట్టాలి.

చివరగా కోడి. గుడ్డులో పసుపు సొన, తెల్ల సొన రెండూ పిల్లకు తల్లి కట్టిచ్చిన సద్దిమూట. పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది, కానీ వాటిలో పిల్ల ఉండదు. దుకాణంలో కొనే తెల్ల గుడ్లను ఎంత పొదిగించినా పిల్లలు రావు. ఊరికోడి పది పన్నెండు రోజులు ఒక్కో గుడ్డు పెట్టుకుంటూ పోయి, ఒకేసారి కూర్చుంటుంది. మొదటి గుడ్డు ముందు పెట్టింది కదా, దాని పిల్ల ముందు రావాలి కదా? రాదు. తల్లి ఒంటి వేడి తగిలేదాకా లోపలి పిల్ల ఎదగకుండా ఆగి ఉంటుంది. అందుకే అన్నీ ఒకటి రెండు రోజుల తేడాలో బయటికి వస్తాయి, తల్లి అందరినీ ఒకేసారి వెంటేసుకుని పోతుంది. బయటికి వచ్చే ముందు మిగిలిన పసుపు సొన పిల్ల పొట్టలోకి పోతుంది. రెండు రోజులు ఏమీ తినకపోయినా బతకడానికి అదే కారణం.

హైదరాబాద్‌లోని రాజేంద్రనగర్‌లో తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ, రాజశ్రీ కోళ్లు ఊరికోడి కన్నా ఎక్కువ గుడ్లు పెడతాయి. కానీ పొదగడం మీద వాటికి ఆసక్తి తక్కువ. పొదిగే కోడి గుడ్లు పెట్టడం ఆపేస్తుంది కదా, ఎక్కువ గుడ్లు కావాలనుకుని ఎంచిన మనిషి తెలియకుండానే పొదిగే గుణాన్ని తీసేశాడు. అందుకే ఆ గుడ్లను చాలామంది ఊరికోడి కిందే పెడతారు.

ఇప్పుడు మీకొక పని. నార్వేలో తోర్లైఫ్ షెల్డెరుప్-ఎబ్బె అనే కుర్రాడు చిన్నప్పటి నుంచే ఇంటి కోళ్లను చూస్తూ, ఏ కోడి ఏ కోడిని పొడుస్తోందో పుస్తకంలో రాసుకునేవాడు. పెద్దయ్యాక 1921లో దాన్నే పరిశోధనగా రాశాడు. కోళ్లలో ఒక వరస ఉంటుందని తేల్చాడు: పై కోడి అందరినీ పొడుస్తుంది, రెండోది మొదటిదాన్ని తప్ప అందరినీ, అట్టడుగుది ఎవరినీ పొడవదు. మీ వాకిట్లో నాలుగైదు కోళ్లుంటే వాటికి పేర్లు పెట్టండి. పిడికెడు జొన్నలు ఒక్కచోటే పోయండి, చల్లితే గొడవ జరగదు. ఎవరు ఎవర్ని పొడిచారో గీతలు గీసుకోండి. వారం రోజుల్లో వరస తెలిసిపోతుంది. పిల్లలతో తిరిగే తల్లికోడిని మాత్రం ఈ లెక్కలో కలపకండి. మామూలుగా అందరి చేతా పొడిపించుకునే పెట్ట కూడా పిల్లలున్నన్నాళ్లు పుంజు మీదికైనా ఎగురుతుంది, మీ మీదికి కూడా.